బస్టాండు పక్క వీధిలోని చిరుతిండి బండ్లు: ఒక వానాకాలపు సమీక్ష

అనంతపురం బస్టాండు నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలో, సాయంత్రం ఐదు దాటిన తర్వాత ఒక్కొక్కటిగా వచ్చి చేరే చిరుతిండి బండ్ల వరుస గురించిన సమీక్ష ఇది. రుచి విషయంలో ఈ వీధికి కొత్తగా ఎవరూ కితాబు ఇవ్వనవసరం లేదు. ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ, మసాలా బొరుగులు, వేయించిన చెనక్కాయలు, చిక్కీ, బ్రెడ్ ఆమ్లెట్ అన్నీ ఇక్కడ దొరుకుతాయి, ధరలూ అందుబాటులోనే ఉంటాయి. నేను పరిశీలించినది వేరే సంగతి: ఈ బండ్ల మీద అమ్మే సరుకులో బూజు ఎక్కడ చేరుతోంది, ఎందుకు చేరుతోంది, దాన్ని దగ్గరకు రానివ్వకుండా ఎవరు జాగ్రత్త పడుతున్నారు అన్నది. బండ్లను ఆనవాలు పట్టే వివరాలేవీ రాయడం లేదు. వాటిలో చాలావాటికి బోర్డే లేదు. ఉన్నవాటి విషయంలో కూడా, మండీలో ఎవరో అంటగట్టిన ఒక సంచి పాత గింజల కారణంగా ఒక కుటుంబం బతుకుతెరువుకు మచ్చ తేవడం న్యాయం కాదని నా అభిప్రాయం.

సాధారణంగా మనం బండిని నూనె నలుపును బట్టి, నీళ్ల రంగును బట్టి, ముసిరే ఈగలను బట్టి అంచనా వేస్తాం. ఆ రాత్రే కడుపు పాడుచేసే వాటిని పసిగట్టడానికి ఆ పద్ధతి సరిపోతుంది. బూజు దారి వేరు. అది మరిగే నూనెలో ఉండదు, పొగలు కక్కే పెనం మీద ఉండదు; మూత సరిగా పట్టని డబ్బాలో, బండి కింద వేలాడదీసిన సంచిలో, నిన్న మిగిలిన దాని మీదే ఈరోజు కొత్తది పోసిన ప్లాస్టిక్ బకెట్టులో ఉంటుంది. అందువల్ల ప్రతి బండి దగ్గరా వండేచోటు కంటే పొడి సరుకు పెట్టేచోటునే ఎక్కువసేపు చూశాను, ఐదుకు ఇన్నని మార్కులు కూడా దాన్నిబట్టే వేశాను. ఎర్రగా కాగిన పెనం చూసి ధైర్యం తెచ్చుకునేవారికి ఈ మార్కులు కొంత విడ్డూరంగా కనబడవచ్చు.

ముందుగా, వీధిలో అందరికంటే ఎక్కువ మంది మూగే మసాలా బొరుగుల బండి. ఉల్లిపాయ, టమాటా, పచ్చిమిర్చి, కొత్తిమీర సన్నగా తరిగి, కారం, ఉప్పు, నిమ్మరసం తగుపాళ్లలో వేసి, గుప్పెడు వేయించిన వేరుశనగ గింజలు చల్లి ఇచ్చే ఆ పొట్లం రుచికి వంక పెట్టడానికి లేదు. కలిపే చేయి వేగం, పులుపు కారాల పొందిక, ఎంత రద్దీలోనూ చెదరని ఓపిక మెచ్చుకోదగినవి. అయితే గింజలను మాత్రం మూతలేని ప్లాస్టిక్ తొట్టెలో, బండికి గాలివాటు పక్కన ఉంచుతున్నారు. మసాలా తగలని గింజలు కొన్ని విడిగా అడిగి తీసుకుని, ఒక్కొక్కటి రెండు బద్దలుగా విప్పి చూస్తే, ముడుచుకుపోయిన కొన్ని గింజల లోపల, బద్దల మధ్య సందులో బూడిద ఆకుపచ్చ రంగు పొడి కనిపించింది. పైపొట్టు మామూలు గోధుమ రంగులోనే ఉంది. అటువంటి గింజను నోట వేసుకుంటే మొదట చేదు, ఆ తర్వాత ముక్కిన వాసన తెలుస్తాయి. నిమ్మరసం, కారం పడ్డ తర్వాత ఆ రెండూ తెలియవు.

ఆ గింజలు ఎప్పుడు తెచ్చావన్నా అని అడిగితే, దాచకుండానే చెప్పాడు. "నిన్ననే తెచ్చినా సార్. మండీలో కేజీకి పది రూపాయలు తగ్గించి ఇచ్చినారు. బాగా వేయించినాం సార్, ఏమీ కాదు." ఈ చివరి మాట దగ్గర కొంచెంసేపు ఆగవలసి ఉంది, ఎందుకంటే ఇది ఆ ఒక్క బండివాని మాట కాదు, కొనేవాళ్లలో కూడా చాలామంది నమ్మకం ఇదే.

వేరుశనగకు పట్టే బూజుల్లో ముఖ్యమైనది అస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే శిలీంధ్రం. వేడి తగిలితే శిలీంధ్రం చస్తుంది, అందులో సందేహం లేదు. కానీ అది బతికి ఉండగా గింజలోకి వదిలిన అఫ్లాటాక్సిన్ అనే విషం శిలీంధ్రంతో పాటు పోదు. ఆ విషంలో అన్నిటికంటే తీవ్రమైన బి1 రకం, పొడి స్థితిలో, విచ్ఛిన్నం కావాలంటే 250 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడి కావాలి. మూకుట్లో గింజ లోపలికి అంత వేడి చేరితే ఆ గింజ మాడి తినడానికి పనికిరాకుండా పోతుంది. మామూలుగా వేయించినప్పుడు విషం కొంత తగ్గుతుంది, ఎంత తగ్గుతుందన్నది మంటనూ, సమయాన్నీ, మొదట గింజలో ఉన్న విషం మోతాదునూ బట్టి మారుతుంది, పూర్తిగా మాత్రం పోదు. దానికి తోడు వేయించడం వల్ల గింజ రంగు ముదిరి, నల్లబడ్డ గింజకూ మంచి గింజకూ తేడా చెరిగిపోతుంది. అంటే బాగా వేయించడం వల్ల ఖాయంగా జరిగేది చెడ్డ గింజ కంటబడకుండా పోవడమే.

అనంతపురం వాన తక్కువ ఊరు కదా, ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు పడే చోట బూజేమిటి అని అనుకునేవారు ఉంటారు. వేరుశనగ విషయంలో ఆ తర్కం నిలవదు. కోతకు ముందు చివరి మూడు నుంచి ఆరు వారాల్లో వాన మొహం చాటేసి నేల వేడెక్కితే, నీటి ఎద్దడితో నీరసించిన కాయలోకి మట్టిలోని ఈ శిలీంధ్రం సులువుగా చొరబడుతుంది. కరువు సీమ పంటకు ఈ బెడద అందుకే ఎక్కువ. తర్వాత కాయ ఒలిచేటప్పుడు గింజ చితకకుండా ఉండాలని, తూకం కూడా కొంత కలిసివస్తుందని, కాయల మీద నీళ్లు చల్లి మిషన్‌కు వేసే అలవాటు ఒకటి ఉంది. గింజలో తేమ సుమారు 7 శాతం లోపు ఉంటే బూజు పెరగలేదు. తడిపి ఒలిచి, మళ్లీ ఎండబెట్టకుండా గోనెసంచుల్లోకి ఎత్తిన గింజ ఆ హద్దు దాటిపోతుంది. పొలంలో మొదలైన చిన్న చెడు, గోడౌన్‌లో ఈ తేమ ఆసరాతో సంచి అంతటికీ పాకుతుంది. ఇంత జరిగిన తర్వాతే సరుకు బండి మీదికి చేరుతుంది.

ఇంకొక సంగతి ఈ సమీక్షకు వానాకాలాన్ని ఎంచుకోవడానికి కారణమైంది. ఇక్కడ ఖరీఫ్ వేరుశనగ జూన్, జూలైల్లో విత్తి అక్టోబరు, నవంబరుల్లో పీకుతారు. అందువల్ల ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో బండ్ల మీద కనిపించే ఎండు గింజ ఎండాకాలం మొదట్లో వచ్చిన రబీ పంటదైనా కావాలి, లేకపోతే అంతకు ముందు సంవత్సరపు ఖరీఫ్ సరుకైనా కావాలి. అంటే గాలిలో తేమ అన్నిటికంటే ఎక్కువగా ఉండే నెలల్లోనే మన చేతికి వచ్చే గింజ అన్నిటికంటే పాతది. డిసెంబరులో ఇదే బండి దగ్గర ఇదే పొట్లం తింటే ఇన్ని చెడ్డ గింజలు తగలకపోవచ్చు. నా మార్కులు వానాకాలానికి మాత్రమే వర్తిస్తాయి.

ఈ విషం ఎంత ప్రమాదకరం అన్నదానిలో అతిశయోక్తికి తావివ్వకూడదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు కారణం తెలియకుండా చచ్చిపోయినప్పుడు, వాటికి మేతగా వేసిన బ్రెజిల్ వేరుశనగ చెక్కలోనే ఈ విషం మొదట బయటపడింది. మన దేశంలో 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు జిల్లాలైన బాంస్వాడా, పంచమహల్ పల్లెల్లో అకాల వర్షాలకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్న తిని, కాలేయం దెబ్బతిని వందమందికి పైగా చనిపోయారు. ఆ ఉదంతాన్ని పరిశోధించి వైద్యలోకానికి తెలియజేసినది మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలే. అక్కడి జనం వారాల తరబడి ఆ మొక్కజొన్ననే ముఖ్యాహారంగా తిన్నారు. సాయంత్రం ఒక పొట్లం బొరుగులు తిన్నవారికి అటువంటిది జరగదు. ఇక్కడి భయం వేరు: ఇది కాలేయ క్యాన్సర్‌కు కారణమయ్యే పదార్థమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని మొదటి వర్గంలో చేర్చింది, హెపటైటిస్ బి ఉన్నవారిలో ఆ ముప్పు అనేక రెట్లు పెరుగుతుంది, ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా ఒంట్లోకి చేరితే ఏ రోజూ ఏమీ తెలియదు. తిన్న రాత్రి కడుపునొప్పి రాకపోవడం వల్లనే ఈ సరుకు మీద ఫిర్యాదులు ఉండవు.

భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నిబంధనల ప్రకారం నేరుగా తినే గింజల్లో అఫ్లాటాక్సిన్లన్నీ కలిపి కిలోకు 10 మైక్రోగ్రాములు మించకూడదు. మళ్లీ శుద్ధి చేయవలసిన గింజలకు 15 వరకు అనుమతి ఉంది. ఐరోపా సమాఖ్యలో నేరుగా తినే వేరుశనగకు ఆ హద్దు 4 మాత్రమే. ఎగుమతికి వెళ్లే సరుకును అందుకే రంగును బట్టి వేరుచేసే యంత్రాలతో, చేతులతో ఒకటికి రెండుసార్లు ఏరుతారు. ఏరగా మిగిలిన ముడుత గింజ, రంగు మారిన గింజ, ఎలుక కొరికిన గింజ ఎక్కడికి పోతాయన్నది అసలు ప్రశ్న. కిలోకు పది రూపాయలు తక్కువకు దొరికినది అటువంటిదేనని నేను రుజువు చేయలేను. కానీ మంచి గింజకు ఏ వ్యాపారీ ఊరికే పది రూపాయలు తగ్గించడు.

ఇదే బండి దగ్గర బొరుగుల సంగతి కూడా చెప్పాలి. అవి మెత్తబడి ఉన్నాయి. మెత్తబడ్డ బొరుగు విషం కాదు, పెనం మీద రెండు నిమిషాలు వేడిచేస్తే మళ్లీ కరకరలాడుతుంది. అయితే సంచి మూతి కట్టకుండా ఉంచారనడానికి అది సాక్ష్యం, ఆ సంచి పక్కనే పెట్టిన మిగతా పొడి సరుకంతా అదే తేమను పీల్చుకుని ఉంటుందనడానికి కూడా. కారంపొడి గురించి ఎక్కువ చెప్పలేను. మిరపకాయ కళ్లంలో ఆరుతున్నప్పుడు మంచు పడినా వాన తగిలినా ఇదే శిలీంధ్రం పట్టగలదు, మసాలా దినుసులకు నిబంధనల్లో 30 మైక్రోగ్రాముల దాకా వెసులుబాటు ఉంది, పొడి చేసిన తర్వాత కంటితో పోల్చుకునే వీలు లేదు. ఈ బండికి రుచికి నాలుగున్నర, సరుకుకు ఒకటిన్నర వేస్తున్నాను. గింజలు వేయకుండా కలిపి ఇవ్వమంటే విసుక్కోకుండా ఇస్తారు. వానాకాలంలో అలా తినేవారికి మూడు మార్కులు అనుకోవచ్చు.

రెండు బండ్ల అవతల, ఇసుకలో చెనక్కాయలు వేయించి అమ్మే ఒక ముసలావిడ కూర్చుంటుంది. బండి అనడానికి కూడా లేదు. ఒక మూకుడు, ఒక జల్లెడ, గొడుగు, గోనెపట్టా. ఈ వీధిలో నేను చూసిన మంచి పద్ధతుల్లో ఒకటి ఇక్కడ ఉంది. మూకుట్లో పోయకముందు ఆమె కాయలను చాటలో పోసి చెరిగి, నల్లబడ్డవాటిని, పగిలినవాటిని, చేతికి తేలికగా తగిలినవాటిని పక్కకు తీసేస్తుంది. ఎందుకు అవ్వా అంటే, "నల్లగ ఉండేది చేదొస్తాది నాయనా, తిన్నోళ్లు మళ్లీ రారు" అంది. ఆమె చూసుకునేది గిరాకీని. కానీ ఆ చేత్తో ఏరడానికి మించిన రక్షణ బండి స్థాయిలో మరొకటి లేదు. అఫ్లాటాక్సిన్ సంచి అంతటా సమంగా పరుచుకుని ఉండదు, కొద్దిపాటి గింజల్లోనే అత్యధిక భాగం పోగుపడి ఉంటుంది. ముడుత పడినవి, రంగు మారినవి, పొట్టు చిట్లినవి తీసివేస్తే మిగిలిన సరుకు చాలావరకు శుభ్రపడుతుంది. పైగా చిట్లని కాయకు డొక్కే, అంటే పైపెంకే, ఒక కవచం. తినేవారికి కూడా కాయ ఒలుచుకుంటూ, గింజ చూసుకుంటూ తినే అవకాశం ఉంటుంది, అది మసాలా పొట్లంలో లేదు.

సెప్టెంబరు తర్వాత పచ్చికాయ దిగినప్పుడు ఈమె దగ్గర ఉప్పునీళ్లలో ఉడికించిన కాయలు కూడా దొరుకుతాయి. నీళ్లలో పోసినప్పుడు తేలిన తేలిక కాయలను తీసేయడం చూశాను. ఉడికించిన కాయ ఆ పూటకే తినవలసినది. తడి, వెచ్చదనం, పోషకం మూడూ కలిసిన ఆ కాయ రాత్రంతా నిలవుంటే జిగురు సాగుతుంది, మర్నాటికి డొక్క మీద తెల్లని నూగు కనిపించవచ్చు. ఇక్కడ మిగిలిన కాయలను మర్నాడు అమ్మడం నేను చూడలేదు. ఒకే లోపం, పొట్లానికి వాడే పాత వార్తాపత్రిక. అచ్చు సిరా అంటుతుందని ఆహారానికి దాన్ని వాడవద్దని నిబంధన ఉంది, ఉడికించిన తడి కాయల విషయంలో అది మరీ పట్టించుకోవలసినది. సరుకుకు నాలుగు మార్కులు. ఇంట్లోంచి చిన్న డబ్బా తీసుకువెళితే నాలుగున్నర.

వరుస చివర ఉండే ఉగ్గాణి బజ్జీల బండి ఈ వీధికే మేలైనది. భార్యాభర్తలు నడుపుతున్నారు. ఉగ్గాణికి ప్రాణం పప్పులపొడి అన్నది సీమలో అందరికీ తెలిసినదే. పుట్నాలు, ఎండుకొబ్బరి, వెల్లుల్లి, ఎండుమిర్చి కలిపి దంచే ఆ పొడే చాలా బండ్ల దగ్గర వారానికొకసారి చేసిపెట్టుకునే సరుకు. ఇక్కడ రోజూ మధ్యాహ్నం ఆ రోజుకు సరిపడా మాత్రమే దంచుతామని చెప్పారు. చెప్పడం వేరు, చేయడం వేరు కాబట్టి డబ్బా చూపించమని అడిగితే, ఆవిడ నవ్వి, "చూడండి సార్, దాచేదేముంది" అని మూత తీసి ఇచ్చింది. అడుగున పాత పొడి అట్టకట్టి లేదు, డబ్బా అంచుల్లో తడి లేదు, వెల్లుల్లి వాసన తాజాగా ఉంది.

నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది ఎండుకొబ్బరి విషయంలో వారి జాగ్రత్త. ఎండుకొబ్బరిలో తేమ సుమారు 6 శాతం దాటితే కొబ్బరి గిన్నె (చిప్ప) లోపలి వైపున పసుపుపచ్చ, ఆకుపచ్చ చుక్కలుగా బూజు మొదలవుతుంది, వేరుశనగకు పట్టే శిలీంధ్రమే దీనికీ పడుతుంది. చాలామంది ఆ చుక్కలను గుడ్డతో తుడిచి, లేదా చాకుతో గీకి, తురిమి కలిపేస్తారు. తురుము అయిన తర్వాత ఏ కొబ్బరి ఎటువంటిదో దేవుడికే తెలియాలి. వీరు గిన్నెలుగానే కొని, ప్రతిదీ లోపలి వైపు వెలుతురుకు పట్టి చూసి, చుక్క ఉన్నదాన్ని కొట్టువానికే తిప్పి ఇచ్చేస్తారట. తురిమిన కొబ్బరి పొట్లాలు చవకగా వస్తున్నా కొనరట. మాట్లాడుతున్నంతసేపూ ఆయన బజ్జీలు తీస్తూనే ఉన్నాడు, పిండి జారు సరిగ్గా కుదిరింది, మిరపకాయలో వాము, చింతపండు సమంగా ఉన్నాయి. వేరుశనగ గింజలు పోపులో వేస్తారు, వాటిని కూడా పళ్లెంలో పోసి ఏరిన తర్వాతే వేస్తారు. రుచికి నాలుగు, సరుకుకు నాలుగున్నర. మొత్తం వీధిలో సంకోచం లేకుండా పిల్లలకు పెట్టదగినది ఇదొక్కటే అని నా అంచనా.

చిక్కీ సీసాలు పెట్టుకున్న బండి గురించి అంత మంచిగా రాయలేను. వానాకాలంలో బెల్లం గాలిలోని తేమను లాక్కుని చెమర్చుతుంది; ఇక్కడి పట్టీలు ఒకదానికొకటి అంటుకుని, పైన జిగటగా ఉన్నాయి. అందులోని గింజలన్నీ పొట్టు తీసిన బద్దలు. చిక్కీకి బద్దలు వాడటం మామూలే, అయితే పొట్టు పోయి, బద్ద విడిపోయి, బెల్లం పాకంలో మునిగిన గింజ ముడుత పడినదో, రంగు మారినదో తెలుసుకునే మార్గం కొనేవారికి మిగలదు. విడిగా అమ్మే మిఠాయిలకు ఎప్పటిలోగా తినాలో తెలిపే తేదీ ప్రదర్శించాలని 2020 అక్టోబరు 1 నుంచి దుకాణాలకు నియమం ఉంది. బండి మీది సీసాకు అటువంటి చీటీ ఉండాలని ఆశించడం అత్యాశే కావచ్చు, కానీ తయారైన రోజు అడిగితే కూడా జవాబు రాలేదు. తేదీ, బ్యాచి, పద్నాలుగు అంకెల లైసెన్సు సంఖ్య ఉన్న పొట్లం చిక్కీ దుకాణంలో కొంచెం ఎక్కువ ధరకే దొరుకుతుంది, చిక్కీ తినాలనిపిస్తే అది కొనడం నయం. రెండు మార్కులు.

బ్రెడ్ ఆమ్లెట్ బండికి ఒక్క మార్కు. పెనం శుభ్రంగా ఉంది, కోడిగుడ్లు తాజావి, కుర్రాడి పనితనం బాగుంది. కానీ ప్యాకెట్టులోంచి తీసిన ముక్క అంచున రూపాయి బిళ్లంత పచ్చటి మచ్చ ఉంటే, దాన్ని గిల్లి పారేసి మిగిలిన ముక్కను నా కళ్ల ముందే పెనం మీద వేశాడు. అదేమిటి తమ్ముడూ అంటే, "అంతా తీసేసినా కదా అన్నా" అన్నాడు. బ్రెడ్డు వంటి మెత్తని, తేమగల పదార్థంలో బూజు పైన రంగు తేలకముందే సన్నని పోగులుగా లోపలికి పాకి ఉంటుంది, ఒక ముక్కకు పట్టిందంటే అదే ప్యాకెట్టులో ఆనుకుని ఉన్న ముక్కలకు కూడా దాని రేణువులు అంటి ఉంటాయి. ప్యాకెట్టు మీద తేదీ ఇంకా దాటలేదన్నది నిజమే. కానీ ఆ తేదీ చల్లని, పొడి చోట ఉంచిన ప్యాకెట్టుకు వేసినది, వేడి పెనం పక్కన మూతి తెరిచి పెట్టినదానికి కాదు. పారేస్తే నలభై యాభై రూపాయల నష్టం. రోజు లాభం ఎంతో తెలిసినవారికి ఆ చేయి ఎందుకు వెనకాడిందో అర్థమవుతుంది, అయినా ఆ ముక్క తినలేం.

పానీపూరీ బండి కూడా ఉంది. అక్కడ చూడవలసినది నీళ్లను, బూజును కాదు. కాబట్టి దాన్ని ఇక్కడ వదిలేస్తున్నాను.

ఈ వరుసను అధికారులు పట్టించుకుంటారా అన్న ప్రశ్న రావచ్చు. 2011 నాటి లైసెన్సు నిబంధనల నాల్గవ షెడ్యూలులో చిన్న ఆహార వ్యాపారులు పాటించవలసిన పరిశుభ్రత నియమాలు ఉన్నాయి, బూజుపట్టిన సరుకు కొనకూడదన్నది వాటిలో ఊహించదగినదే. ఫిర్యాదు చేయదలచినవారికి ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ అనే వేదిక ఉంది. కానీ ఒక బండి తొట్టెలోంచి తీసిన నమూనా అఫ్లాటాక్సిన్ గురించి చెప్పగలిగినది తక్కువ. విషం కొద్ది గింజల్లోనే పోగుపడి ఉంటుంది కనుక, ఒక గుప్పెడులో అవి పడితే హద్దు ఎన్నో రెట్లు దాటుతుంది, పక్క గుప్పెడులో పడకపోతే సున్నా వస్తుంది. పరీక్షకు అర్థం ఉండేది సంచుల స్థాయిలో, పలుచోట్ల నుంచి తీసి కలిపిన నమూనా మీద. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఇందుకోసం తక్కువ ఖర్చు పరీక్ష సామగ్రిని ఎప్పుడో రూపొందించింది. దాన్ని వాడవలసిన చోటు మండీ, మిల్లు గోడౌన్. బండివాడిని నిలదీసేవారు అతనికి ఆ సంచి అమ్మినవారిని కూడా అడగాలి. మసాలా బొరుగుల అతనికి ఒకటిన్నర మార్కులు వేస్తున్నప్పుడు నాకు కష్టంగా ఉన్నది ఇందువల్లనే: అతని తప్పు తొట్టెకు మూత పెట్టకపోవడం, ఏరకపోవడం వరకే.

కొనే ముందు చూడదగినవి ఎక్కువేమీ లేవు. గింజలు విడిగా కొన్ని అడిగి, ఒకటి రెండు విప్పి చూడటానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. చేదు తగిలితే నమిలి మింగకుండా ఉమ్మేయాలి, మర్యాదకు పోకూడదు. నూనె పాతబడ్డ కనరు వాసన వేరు, అది రుచి చెడటం మాత్రమే; ముక్కిన వాసన, మట్టి వాసన వస్తే ఆ పొట్లం వదిలేయడమే మేలు. అయితే వాసన, రంగు, చేదు ఏవీ లేని గింజలో కూడా విషం ఉండే అవకాశం ఉంది కాబట్టి, ఈ పరీక్షలో నెగ్గిన గింజ పూర్తిగా నిరపాయకరమని చెప్పడానికి వీల్లేదు.

వెళ్లేవారికి వివరాలు: ఉగ్గాణి బండి ఆరు గంటలకు మొదలై, దంచిన పొడి అయిపోగానే, సాధారణంగా ఎనిమిదిన్నర లోపే, కట్టేస్తారు, బస్సు దిగి తొమ్మిదికి వచ్చేవారికి దొరకదు. అవ్వ వాన పడితే రాదు. మసాలా బొరుగుల బండి పది దాటినా ఉంటుంది, గింజలు వద్దని ముందే చెప్పాలి, ఎందుకంటే అతని చేయి వాటిని మనం నోరు తెరిచేలోపే వేసేస్తుంది.